సగం తుల్సీరాం చేయించిన తీజ్

తుల్సీరాం సబ్బును దారంతో కోస్తాడు. కొత్త సబ్బు ఇంటికి రాగానే కాగితం విప్పి, గోనెసంచులు కుట్టే దారాన్ని దాని నడుముకు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని లాగుతాడు. ఒక ముక్క స్నానానికి పోతుంది. రెండోది వంటింటి అటక ఎక్కుతుంది. గాలికి ఆరిన సబ్బు గట్టిపడుతుందని, గట్టిపడిన సబ్బు నీళ్లకు తొందరగా లొంగదని అతని సిద్ధాంతం. భార్య జమ్లీ ఈ తంతును ముప్పై ఏళ్లుగా చూస్తున్నది.

"మనిషిని గూడ గట్లనే కోసి అటక మీద పెడితే ఇంకో యాభై ఏండ్లు బతుకుతడేమో సూడరాదు," అంటుంది.

"అటక మీద జాగ లేదు. లేకుంటే నిన్నే పెడుదును," అంటాడు తుల్సీరాం.

మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు దగ్గర నలభై గడపల రేగుతండాలో అతన్ని అందరూ 'సగం తుల్సీరాం' అంటారు. ఆ పేరుకు సబ్బు ఒక్కటే కారణం కాదు. నెల్లికుదురు హోటల్లో చాయ్ అడిగినప్పుడు, పక్కన ఎవరూ లేకపోయినా, 'వన్ బై టూ' అనే అంటాడు. మిగిలిన సగం తాగేవాడు చాయ్ మరిగేలోపు ఎవడో ఒకడు రాకపోడని అతని నమ్మకం. ఎక్కువసార్లు వస్తాడు కూడా. వారం అంగడికి పొద్దున పోడు; అమ్మేవాళ్లు గంపలు సర్దుకునే వేళకు పోతాడు. టమాటలు అప్పటికి మెత్తబడి ఉంటాయి. పులుసులో పడ్డాక మెత్తనైనదేదో గట్టిదేదో ఎవరికి తెలుస్తుందని అడుగుతాడు. జమ్లీకి తెలుస్తుంది, కానీ ఆ ప్రశ్న ఆమెను అడగడు.

అతన్ని పిసినారి అనడం సులువు, కానీ సరికాదు. పిసినారికి వస్తువు మీద మోహం ఉంటుంది. తుల్సీరాంకు ఉన్నది ఒక వస్తువు ఎంత దూరం సాగగలదో చూడాలన్న కుతూహలం. సాగినంత సాగాక, మిగిలినదాన్ని ఎవరడిగినా ఇచ్చేస్తాడు. అంతమాత్రాన అతన్ని వేదాంతిని చేయనక్కరలేదు. ఆ కుతూహలాన్ని భరించవలసింది ఎప్పుడూ ఇంట్లోవాళ్లే.

అతనికి రెండెకరాల మిరప చేను, ఎకరం వరి ఉన్నాయి. కొడుకు సుభాష్ భూపాలపల్లి బొగ్గు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు టిప్పర్ నడుపుతాడు. కూతురు కల్యాణి ఇంటర్ ముగించి, వచ్చే నెలలో నర్సింగు చదువుకు హైదరాబాద్ పోనున్నది. మొన్నటి పంటకు మార్కెట్లో మిరపకాయ ధర నేల చూపులు చూసింది. నూనె, పప్పు, గ్యాస్ బండ, ట్రాక్టర్ కిరాయి, కాలేజీ ఫీజు మాత్రం పైకే చూస్తున్నాయి. ఒకరోజు తండా నాయక్ ప్రేమ్‌సింగ్ ఫోన్లో వార్తలు చూస్తూ, "దేశం మస్తు ఎదుగుతున్నదంట, తుల్సీరామన్నా," అన్నాడు.

"ఎదగనియ్యి. పోరడు ఎదిగితె అంగీ పొట్టిగైతది గదా? మనం గిప్పుడు పొట్టి అంగీల ఉన్నం," అన్నాడు తుల్సీరాం.

తండా మాటలన్నీ లంబాడీల భాష గోర్‌బోలీలోనే నడుస్తాయి. పరాచికానికి, పంచాయితీకి మాత్రం తెలుగు కలుస్తుంది. ఇక్కడ వినిపించేది తెలుగే గనుక ఆ మాటల రుచి కొంత తగ్గి ఉంటుంది.

ప్రతి తండాకూ నాయక్ ఒకడు ఉంటాడు; అతని మాటను పనిగా మార్చే కార్‌బారి ఒకడు ఉంటాడు. రేగుతండాకు కార్‌బారి తుల్సీరాం. మిగతా సంవత్సరమంతా ఆ హోదా తగవులు తీర్చడానికే సరిపోతుంది. శ్రావణంలో మాత్రం దానికి అసలు పని పడుతుంది, అప్పుడు తీజ్ వస్తుంది గనుక.

తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. పుట్టమన్నులో మేకల ఎరువు కలిపి బుట్టలలో నింపి, నానిన గోధుమలు చల్లుతారు. నాయక్ ఇంటి ముందు మంచె కట్టి బుట్టలను దాని మీద పెడతారు. తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోసేది, పాటలు పాడేది, చుట్టూ తిరిగి ఆడేది ఆ పిల్లలే. తొమ్మిదో రోజుకు గోధుమ నారు జానెడు లేచి పచ్చగా ఊగుతుంది. దానిని తుంచి అన్నదమ్ములకు, పెద్దలకు ఇచ్చి, బుట్టలను వాగులో కలుపుతారు. ఏ రోజున మొదలుపెట్టాలన్నది పంచాంగం కాదు, ఎవరి తండాలో వాళ్లే కూర్చుని నిర్ణయించుకుంటారు.

నారు ఎంత పచ్చగా లేస్తే తండాకు అంత మేలని నమ్మకం. ఆ పచ్చదనం చుట్టూ ఏడాదికేడాది ఖర్చు పేరుకుంటూ వచ్చింది. నిరుడు డీజే బండి, రంగు దీపాలు, పట్నం వంటవాళ్లు, మూడు మేకలు, అద్దె కుర్చీలు, ప్లాస్టిక్ పళ్లేలు. ఇంటికి రెండు వేలు పడింది. ఈసారి నాయక్ ఇంటి ముందు కూర్చున్నప్పుడు పదిహేను గడపలవాళ్లు తలలు వంచుకున్నారు. ఇవ్వలేమని నోటితో చెప్పినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లు కాలి బొటనవేలితో నేల గీస్తూ చెప్పారు.

"ఈ యేడు ఆపుదాం. ధరలు జర దిగినంక వచ్చే యేడు జబర్దస్తుగ చేద్దాం," అన్నాడు ప్రేమ్‌సింగ్.

కల్యాణి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ఆమె ఆ సంవత్సరం ఆడపిల్లల గుంపుకు పెద్ద. వచ్చే శ్రావణానికి హైదరాబాద్ హాస్టల్లో ఉంటుంది. ఆగిన పండుగ ఏ ఏటికి లేస్తుందో ఎవరూ చెప్పలేరు. చుట్టుపక్కల రెండు తండాలు అలాగే ఒక్క ఏడాదికని ఆపి, నాలుగేళ్లుగా ఊరుకున్నాయి. తుల్సీరాం కూతురివైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ధరలు దిగుతయని నీకెవరు చెప్పిండ్రు, నాయక్? ఎక్కినది దిగింది నేనైతె సూడలె. ఇంటికి వెయ్యి ఇయ్యుండ్రి. సగంల తీజ్ చేసి చూపిస్త. ఎక్కువైతె నేను పెట్టుకుంట."

నగారా వాయించే ముసలి చత్రు, పళ్లు లేని నోటితో అందరికంటే ముందు నవ్వాడు. "ఏం చేస్తవ్‌రా? నాలుగున్నర రోజులే చేస్తవా?"

"తాతా, నీ నగారకు కొత్త తోలు ఏపిస్త. నువ్వు తొమ్మిది దినాలు కొట్టకపోతె అప్పుడు అడుగు."

అంత నవ్వులోనూ బొటనవేళ్లు నేల గీయడం మానాయి. వెయ్యి అంటే పదిహేను గడపలూ తలలెత్తాయి. తుల్సీరాం మాట నిలబడితే తీజ్ నిలబడుతుంది, తప్పితే ఆ రెండు తండాల వరుసలో మూడోది చేరుతుంది. ఆ సంగతి ఆ పూట అక్కడున్న అందరికీ తెలుసు.

తరువాతి పదిహేను రోజులూ అతను పెళ్లికొడుకులా తిరిగాడు. డీజే వద్దన్నాడు, చత్రు నగారాకు మహబూబాబాద్‌లో తోలు వేయించాడు. కొత్తగూడ అడవి అంచు తండాలో ఉండే చెల్లెలికి కబురుపెట్టి మోదుగ విస్తళ్లు కుట్టించమన్నాడు. పట్నం వంటవాళ్ల బదులు తండా మగవాళ్లే వండుతారని తీర్మానించాడు. అందులో ఇద్దరికి అన్నం వార్చడం కూడా రాదని జమ్లీ గుర్తుచేసింది. మూడు మేకలు ఒకటైంది, మిగిలిన లోటుకు పప్పు వచ్చింది. ఈ చివరి మార్పు మాత్రం ఆరోజుదాకా రహస్యంగా ఉంచాడు.

మిగిలింది గోధుమలు. మహబూబాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగాడు. ఐదో చోట ఒక వ్యాపారి పాత సరుకు ఖాళీ చేసుకుంటున్నాడు. మిగతాచోట్లకంటే కిలోకు పన్నెండు రూపాయలు తక్కువ. తుల్సీరాం గింజలను అరచేతిలో పోసుకుని ఊదాడు, దుమ్ము లేదు. వాసన చూశాడు, ముక్కిపోలేదు. రాళ్లు లేవు, పురుగు కనిపించలేదు. ఐదు కిలోలు కట్టించుకుని, అరవై రూపాయలు మిగిలిన సంతోషంతో ఆటో ఎక్కకుండా బస్సు కోసం నిలబడ్డాడు.

ఇక్కడ అతని గురించి ఒక విషయం చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట నకిలీ మిరప విత్తనాలు కొని ఒక పంటకాలమంతా పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి, ప్యాకెట్ మీద ఎవరి బొమ్మ ఉన్నా సరే, వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలిచాయో చూడకుండా నారు పోయడు. తండాలో సగంమంది రైతులు తమ విత్తనాలను కూడా అతని గుడ్డకే అప్పగిస్తారు. అంతటి మనిషి ఈ గోధుమలను మూట కట్టలేదు. మిరప గింజ చేనుకు పోయేది. ఈ గోధుమలు కిరాణా సామాను. బెల్లం, కొబ్బరికాయ, అగరొత్తుల పక్కన అవి అతని మనసులో ఖర్చుగా చేరిపోయాయి. ఖర్చును తగ్గించాలన్న పట్టుదల ఎంత గట్టిదంటే, అవి మట్టిలో పడి మొలవవలసినవన్న సంగతి అతనికి స్ఫురించనే లేదు.

తీజ్ మొదలైంది. చత్రు నగారా మోగింది. పిల్లలు నీళ్ల బిందెలతో వరుసగా వచ్చి, పాడి, బుట్టలు తడిపారు. మొదటి రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మూడో రోజుకు మట్టి పగిలి తెల్లటి మొనలు కనిపించాలి. కనిపించలేదు. వాన మబ్బు పట్టింది, చలికి ఆలస్యమైందని పెద్దవాళ్లు సర్దిచెప్పారు. నాలుగో రోజు పొద్దున కల్యాణి అందరికంటే ముందు లేచి మంచె దగ్గరికి పోయింది. ఇరవై మూడు బుట్టలలో మట్టి నల్లగా, నున్నగా, నీళ్లు పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

మధ్యాహ్నానికి మాటలు పుట్టాయి. తండా అమ్మవారు మేరమ్మ కోపం తెచ్చుకుందని ఒకరన్నారు. అమ్మవారికి కూడా సగం లెక్క చెప్పామా అని ఇంకొకరు నిట్టూర్చారు. ప్రేమ్‌సింగ్ తల్లి మంచె పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పనట్టు అందరికీ చెప్పింది.

"మా కాలంల నియమం ఉంటుండె. చేతుల ఫోన్లు వట్టుకోని నీళ్లు పోస్తె యాడ మొలుస్తయి? పెద్దపిల్లకే పట్టింపు లేకపాయె, చిన్నపిల్లలను అని ఏం లాభం?"

ఆ మాట ఎవరికి తగలాలో వారికే తగిలింది. పిల్లల గుంపుకు పెద్ద కల్యాణి. ఆమె బిందె దించి, ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"నేనేం తప్పు చేయలె, బాపూ. పొద్దు మాపు తానం చేసి నీళ్లు పోసిన," అంది.

తుల్సీరాం మంచె దగ్గరికి పోయి, చివరి బుట్టలో వేలు గుచ్చి ఒక గింజను పైకి తీశాడు. వేళ్లమధ్య అది పిండిలా చితికింది. పుల్లటి వాసన వచ్చింది. ఇంటికి వచ్చి, జమ్లీ డబ్బాలో పోసిన మిగులు గోధుమలలోంచి గుప్పెడు తీసుకుని ఎండలో నిలబడ్డాడు. ఒక్కొక్క గింజను గోటితో తిప్పి చూశాడు. మొలక లేచే చివరన, గింజ కన్నున్నచోట, సూదిమొనంత రంధ్రం. ఒకదానికి కాదు, పదింటిలో తొమ్మిదింటికి. పురుగు ఎప్పుడో వచ్చి, కళ్లు మాత్రమే తిని, పోయింది. వ్యాపారి జల్లెడ పట్టి పురుగును తీసేశాడు. పురుగు లేదని మురిసి కొన్నవాడు తుల్సీరాం.

గింజలు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపట్లో తన బుద్ధి ఎటు పోయిందో తర్వాత అతను దాచలేదు. అమ్మవారి కోపం అన్న మాట ఊళ్లో తిరుగుతూనే ఉంది. దానిని అట్లాగే తిరగనిస్తే తన మీదికి ఏదీ రాదు. కానీ అది అమ్మవారి దగ్గర ఆగలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల దగ్గరికి వచ్చింది. ఒప్పుకోవడాన్ని మనం సాధారణంగా దాని కొలతకు మించి మెచ్చుకుంటాం. కూతురి మీద పడకపోతే ఆ తప్పును ఒప్పుకునేవాడా అంటే, తుల్సీరాం దగ్గరే జవాబు లేదు. పడింది గనుక ఒప్పుకున్నాడు. అంతవరకే చెప్పగలం.

సాయంత్రం నీళ్లు పోసే వేళకు, అందరూ చేరాక, తువ్వాలలో ఆ గోధుమలు కట్టుకుని మంచె ముందుకు వచ్చాడు.

"అవ్వా," అన్నాడు ప్రేమ్‌సింగ్ తల్లితో, "నువ్వు పొద్దుగాల్ల అన్నది వాపస్ తీసుకోవాలె. పిల్లలది తప్పు లేదు. మేరమ్మది కోపం లేదు. గిది సూడుండ్రి. కన్నుల్లేని గోధుమలు. నేనే తెచ్చిన. పట్నం దుకాన్ల అరవై రూపాయలు మిగిలినయని తెచ్చిన."

గోధుమల తువ్వాల చేతులు మారింది. ఒక్కొక్కరు గింజను తిప్పి చూశారు. అందరూ రైతులే, ఎవరికీ వివరించవలసిన పని పడలేదు.

"అరవై రూపాయలా?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"అరవయ్యే."

"మిరప గింజను తడిబట్టల కట్టనిదే నమ్మనోనివి! మా అందరి గింజలు చూసినోనివి!"

"గది చేను, నాయక్. గిది పండుగ అనుకున్న."

ముందు నవ్వింది మళ్లీ చత్రే. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నగారా మీద వాలిపోయాడు. "సగం తుల్సీరాం గింజలు గూడ సగమే తెచ్చిండు! గింజ తెచ్చిండు, మొలక విడిచిపెట్టిండు!" అంతే, తండా అంతా పగలబడింది. నాలుగు రోజుల బెంగ ఆ నవ్వులో కొట్టుకుపోయింది. గోడకు ఆనుకున్న కల్యాణి ఎప్పుడు వచ్చిందో, గుంపు వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నది. ప్రేమ్‌సింగ్ తల్లి ఆమెను పిలిచి తల మీద చెయ్యి వేసింది. మాట వాపసు తీసుకున్నట్టు నోటితో మాత్రం అనలేదు.

నవ్వు అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది. తొమ్మిదో రోజుకు చుట్టాలను పిలిచారు. సుభాష్ భూపాలపల్లిలో ఆ రోజుకే సెలవు పెట్టుకున్నాడు. మళ్లీ గోధుమలు కొందామంటే ఏ దుకాణం గింజను నమ్మాలి? గుడ్డలో కట్టి చూడటానికే రెండు రోజులు పడుతుంది.

"కొనుడెందుకుర?" అన్నాడు చత్రు. "నా చిన్నప్పుడు గోధుమలు కొన్నది నేను సూడలె. ఇంటికో పిడికెడు తెస్తుండిరి. ఒకరియి మొలవకపోతె ఇంకొకరియి మొలుస్తయి. మీరు పైసల చందా నేర్చినంక పిడికెడు మర్చిపోయిండ్రు."

మరి ముహూర్తం? ప్రేమ్‌సింగ్ ఎక్కువసేపు ఆలోచించలేదు. రోజు పెట్టినది తండాయే గనుక మార్చే హక్కు కూడా తండాదే అన్నాడు. రాత్రికి గింజలు నానాలి, రేపు మళ్లీ చల్లాలి, అక్కడినుంచి తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం తుల్సీరాం గిన్నె పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. సగం ఇళ్లలో పిండి ప్యాకెట్లే ఉన్నాయి. ఇరవై ఒక్క ఇంట గోధుమలు దొరికాయి. కొన్ని రేషన్‌వి, కొన్ని మహారాష్ట్ర చుట్టాలు పంపినవి, ఒక ఇంట కోళ్లకు పెట్టేవి. ప్రతి పిడికిలినీ అతను గుమ్మంలోనే నిలబడి గోటితో తిప్పి, కళ్లు చూసి, అప్పుడు గిన్నెలో పోసుకున్నాడు.

"తెచ్చినప్పుడు సూడనోడు మాయి సూస్తున్నడు!" అని ప్రతి ఇంటా ఆడవాళ్లు ఎత్తిపొడిచారు. ప్రతి ఇంటా అతను నవ్వి, మళ్లీ చూశాడు. తన ఇంటి ముందు ఆగి గిన్నె చాపితే జమ్లీ తలుపు సగం మూసింది.

"మన ఇంటియి వద్దంట. పిల్లలు చెప్పిండ్రు. నీ చెయ్యి గూడ తగలొద్దంట."

"గిన్నె పట్టుకున్నది నేనే గదా?"

"గిన్నె పట్టుకో. గింజలు ముట్టుకోకు."

ఇక ఫోన్లు. సాధారణంగా మిస్డ్‌కాల్ ఇచ్చి ఎదుటివాళ్లే తిరిగి చేసేదాకా ఎదురుచూసే మనిషి ఆ రాత్రి కల్యాణి ఫోన్లో ముప్పై మందిని పిలిచి, ముప్పై మందికీ అరవై రూపాయల సంగతి మొదటినుంచి చెప్పాడు. దాచుకుంటే వాళ్లు వేరే దారిలో వింటారని అతని లెక్క. సుభాష్ విని చాలాసేపు నవ్వి, "జనగామ దిక్కు దోస్తుతోని డ్యూటీ మార్చుకుంట బాపూ, నాలుగు దినాలేగా," అన్నాడు. అందరికీ కబురు అందింది, కొత్తగూడ చెల్లెలికి తప్ప. అడవి అంచున సిగ్నల్ ఉన్నప్పుడు ఆమె ఫోన్‌కు ఛార్జింగ్ ఉండదు. ఛార్జింగ్ ఉన్నప్పుడు సిగ్నల్ ఉండదు.

అందుకని పాత తొమ్మిదో రోజున, ఎవరూ ఎదురుచూడని ఆ పొద్దున, ట్రాలీ ఆటో ఒకటి తుల్సీరాం ఇంటిముందు ఆగింది. చెల్లెలు, ఆమె తోడికోడళ్లు, పిల్లలు, మొత్తం పదకొండుమంది దిగారు. వాళ్లతోపాటు ఐదు వందల మోదుగ విస్తళ్లు, రెండు బస్తాల పచ్చి మక్కకంకులు దిగాయి. అప్పటికి మంచె మీద నారు నాలుగు వేళ్లంత లేచింది. ఆ రోజుతో కలిపి ఇంకా ఐదు రోజులుంది.

"ఇగ చూసుకో," అంది జమ్లీ మొగుడి చెవిలో. "ఐదు దినాలు, పదకొండుమంది. సగం కూర వండాలెనా, సగంమందికి వండాలెనా?"

ఎక్కువైతే నేను పెట్టుకుంటానన్న మాట అతనికి ఇప్పుడు పూర్తి బరువుతో గుర్తుకు వచ్చింది. పండుగ ఖర్చు అణా పెరగలేదు. పెరిగిందంతా అతని వంటింట్లోనే. ఆ ఐదు రోజులూ తుల్సీరాం ఇంట సబ్బు కోయడం కుదరలేదు. అటక మీది ముక్కలు కూడా దిగాయి, దిగినవి దిగినట్టే కరిగాయి.

కానీ వచ్చినవాళ్లు ఊరికే కూర్చునే రకం కాదు. చేతులు ఖాళీగా ఉంటే వాళ్లకు తోచదు. వంటకు దిగిన మగవాళ్లను మొదటిరోజే పొయ్యి దగ్గరినుంచి తరిమేశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి సాయంత్రం మంచె దగ్గర బయటపడింది. రేగుతండా పిల్లలకు తీజ్ పాటలు నాలుగే వచ్చు. పదేళ్లుగా మిగతాదంతా డీజే పాడుతున్నది. అడవి తండాకు డీజే ఎన్నడూ పోలేదు గనుక అక్కడ పాటలన్నీ మిగిలే ఉన్నాయి. తుల్సీరాం చెల్లెలు ఒక్కొక్క చరణం అందుకుంటుంటే, కల్యాణి పిల్లలను వరుసలో నిలబెట్టి పలికించింది. మూడో రోజుకు ప్రేమ్‌సింగ్ తల్లి కూడా వంగిన నడుముతో వరుసలో చేరింది. మధ్యలో ఒక చరణం తప్పని, తనకు తెలిసినదే సరైనదని చెల్లెలితో తగవు పెట్టుకుంది. తగవు తెగలేదు. రెండు చరణాలూ పాడారు.

ఇదంతా చూసి, లేమి మనుషులను మంచివాళ్లను చేస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోనవసరం లేదు. ధరలు పెరగడంలో మంచి ఏమీ లేదు. పదిహేను గడపలు ఆ రోజు తలలు వంచుకోవడంలో అందమేమీ లేదు. ఉన్నది ఒక్కటే. ఖర్చు పెట్టి కొనుక్కున్నవన్నీ తీసేసిన తరువాత, ఆ పండుగలో మొదటినుంచీ ఉన్నవి కిందనుంచి బయటపడ్డాయి. అవి ఉన్నాయన్నది తుల్సీరాంకు ముందుగా తెలియదు. అతను అరవై రూపాయలే చూశాడు.

తొమ్మిదో రోజున నారు జానెడుకు పైగా లేచింది. ఇరవై ఒక్క ఇళ్ల గింజలు గనుక ఒకే పచ్చదనం రాలేదు. ఒక బుట్టలో చిలకపచ్చ, పక్కదానిలో ముదురుపచ్చ, ఇంకోదానిలో రెండూ కలిసి ఎగుడుదిగుడుగా. కోళ్ల గోధుమలు వేసిన బుట్ట అన్నిటికంటే ఎత్తు పెరిగింది. ఆ ఇంటావిడ దాని పక్కనుంచి కదలలేదు. సుభాష్ పొద్దున్నే బొగ్గుదుమ్ము వదలని గోళ్లతో దిగాడు. మేక ఒక్కటేనన్న సంగతి అన్నాల వేళ బయటపడింది. అప్పటికి కాల్చిన మక్కకంకులతో సగం కడుపులు నిండి ఉన్నాయి. తిట్టినవాళ్లు కూడా నవ్వుతూనే తిట్టారు.

వాగు దగ్గర పిల్లలు నారు తుంచి పంచారు. ఆ వేళకు ప్రతి ఏడూ ఏడుపు వస్తుంది. పెళ్లయి వెళ్లబోయేవాళ్లకు, చదువుకు వెళ్లబోయేవాళ్లకు ఇంకా ముందు వస్తుంది. కల్యాణి అన్నకు ఇచ్చి, నాయక్‌కు, చత్రుకు ఇచ్చి, చివరికి తండ్రి దగ్గరికి వచ్చింది. అతను తల రుమాలు సర్దుకుని వంగాడు. ఆమె గుప్పెడు నారులోంచి సగం తీసి అతని రుమాలులో దోపి, మిగతా సగం వెనక్కు పట్టుకుంది.

"సగమేనా?" అన్నాడు తుల్సీరాం.

"నీకు సగం చాలుతది గదా, బాపూ."

"గిది ఖర్చు కాదు బిడ్డా. మొత్తం పెట్టు."

నారు మొత్తం పెట్టాక ఆ పచ్చటి కుచ్చు అతని నుదుటి మీదికి వంగి, కళ్లకు అడ్డం వచ్చింది. దానిని తీయలేదు. ప్రేమ్‌సింగ్ పక్కకు వచ్చి, తలలు వంచుకున్న ఆ పదిహేను గడపల మగవాళ్లలో ఇద్దరు వచ్చే ఏటి తీజ్‌కు తామే ఇంటింటి పిడికెడు గింజలు సేకరిస్తామని అడిగారని చెప్పాడు. "ఇంటికి వెయ్యి, ఒక పిడికెడు. గిదే కాయం. కానీ కార్‌బారీ, గోధుమల దిక్కు నువ్వు రావొద్దన్నది గూడ కాయమే."

"రాను," అన్నాడు తుల్సీరాం. "దూరంకెళ్లి చూస్త."

చుట్టాలు మరుసటి రోజు వెళ్లిపోయారు. ఆ మరుసటి రోజు అతను అంగడికి, గంపలు సర్దే వేళకే పోయాడు. హోటల్లో వన్ బై టూ అడిగాడు. ఇంటికి కొత్త సబ్బు తెచ్చి, దారం కోసం వెతుకుతుంటే జమ్లీ వాకిట్లోంచి చూసింది. దారం దొరికే చోట, అటక మీద, ఒక తడిగుడ్డ మూట ఉంది. జమ్లీ వచ్చి విప్పి చూస్తే పది గోధుమ గింజలు. మొలకలు వచ్చి, గుడ్డ పోగుల్లోకి వేర్లు దిగాయి.

"గివేంది? వచ్చే యేటి తీజ్‌కు ఇప్పటినుంచే చూస్తున్నవా?" అంది.

తుల్సీరాం మొలకలు లెక్కపెట్టాడు. పదికి తొమ్మిది.

"ఇవి కోళ్ల ఇంటియి," అన్నాడు. "మంచి గింజ. వాళ్లను అడిగి ఒక పిడికెడు దాస్త." అని మూట మళ్లీ కట్టి, అటక మీద సబ్బు పెట్టే చోట పెట్టి, దారం తీసుకున్నాడు.